పి.వి. నరసింహారావు రాజకీయ జీవితంపై వ్యాసం రాయడం ఎలా?

పి.వి. గురించి వ్యాసం రాయదలచినవారు మొదట 1991ని పక్కన పెట్టాలి. ఆర్థిక సంస్కరణలతో మొదలుపెడితే, అంతకు ముందరి మూడున్నర దశాబ్దాలు ఉపోద్ఘాతంగా కుంచించుకుపోయి, విదేశాంగ మంత్రిగా ఆయన చేసిన పని ఒకటి రెండు వాక్యాలతో ముగిసిపోతుంది.

ఒక కాగితంపై ఆయన పోటీ చేసిన నియోజకవర్గాలను ఒకవైపు, నిర్వహించిన పదవులను మరొకవైపు సంవత్సరాలతో సహా రాసుకోండి. 1957 నుంచి 1977 దాకా మంథని శాసనసభ్యులు. 1971 సెప్టెంబరు నుంచి 1973 జనవరి వరకు ముఖ్యమంత్రి. 1977, 1980లలో హనుమకొండ ఎంపీ. 1984లో అదే హనుమకొండలో బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడిపోయినా, మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి గెలిచి, ఆ ఏడాది చివరి రోజున రక్షణ మంత్రి అయ్యారు. ఆయన బలం సొంత ప్రాంతపు ఓట్లకన్నా ఢిల్లీ నాయకత్వపు నమ్మకంలోనే ఎక్కువగా ఉండేదని నా అభిప్రాయం. ఈ పట్టిక చూసి మీరే తేల్చుకోవచ్చు.

ముఖ్యమంత్రి పదవీకాలాన్ని రాసేటప్పుడు భూ సంస్కరణలను, ముల్కీ నిబంధనలు (తెలంగాణ ప్రాంతపు ఉద్యోగాల్లో స్థానికులకు ప్రాధాన్యమిచ్చేవి) చెల్లుతాయన్న 1972 అక్టోబరు నాటి సుప్రీంకోర్టు తీర్పును, దాని తర్వాత ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం సాగిన జై ఆంధ్ర ఉద్యమాన్ని విడదీయకుండా కలిపి పరిశీలించాలి.

విదేశాంగ శాఖ దగ్గర నెమ్మదించండి. ఇందిరాగాంధీ హయాంలో 1980 జనవరి నుంచి 1984 జూలై వరకు, రాజీవ్‌గాంధీ హయాంలో 1988 జూన్ నుంచి 1989 డిసెంబరు వరకు ఆయన ఆ శాఖను చూశారు. ప్రధాని అయ్యాక, విదేశాంగ మంత్రి మాధవ్‌సింహ్ సోలంకీ రాజీనామాతో ఆ శాఖను 1992లో మరికొంతకాలం తన వద్దే ఉంచుకున్నారు. అఫ్గానిస్థాన్‌లో సోవియట్ సేనలు, 1983 మార్చిలో ఢిల్లీలో జరిగిన అలీనోద్యమ (అమెరికా, సోవియట్ కూటముల్లో దేనిలోనూ చేరని దేశాల) శిఖరాగ్ర సభ మొదటి విడతలోని ఘట్టాలు. అయితే చైనా వ్యవహారమే అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిస్తుంది: 1981 జూన్‌లో చైనా విదేశాంగ మంత్రి హువాంగ్ హువా ఢిల్లీ పర్యటన, 1988 డిసెంబరులో రాజీవ్ బీజింగ్ యాత్ర, 1993 సెప్టెంబరులో పి.వి. ప్రధానిగా ఉండగా కుదిరిన సరిహద్దు శాంతి ఒప్పందం వరుసగా చదివితే, ఒకే సరిహద్దు సమస్య పన్నెండేళ్లపాటు ఆయన ముందుకు పదేపదే వచ్చిన తీరు తెలుస్తుంది.

ప్రతి నిర్ణయాన్నీ ఆయన ఖాతాలో వేయకండి. ఇందిర కాలంలో విదేశాంగ విధానానికి తుది మాట ప్రధానిదే కనుక, మంత్రి పాత్రను నిర్ధారించడానికి తర్వాతి జ్ఞాపకాలకన్నా ఆనాటి లోక్‌సభ ప్రకటనలను, చర్చలను ముందుగా చూడాలి.