పెద్దవాళ్లకి కూర చప్పగా ఉందా? ఉప్పు వేసేముందు ఇవి చూడండి

వృద్ధాశ్రమం వంటిల్లు చూసుకుంటాను. "చారు చప్పగా ఉందమ్మా" అన్న మాట రోజూ వింటాను. ఇళ్లల్లో ఆ మాట వినగానే ఇంకో చెంచా ఉప్పు వేసేస్తారు. రోజుకి 5 గ్రాముల లోపే, అంటే ఒక చిన్న చెంచాడు లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. బీపీ ఉన్నవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

సమస్య: అన్నీ చప్పగా ఉన్నాయి

ముందు ముక్కు మూయించి నాలుక మీద చిటికెడు పంచదార వేయండి. నోరు పుక్కిలించాక చిటికెడు ఉప్పు. రెండూ తెలిస్తే నాలుక బాగానే ఉన్నట్టు. ఇప్పుడు ముక్కు వదిలేసి, కళ్లు మూసుకోమని ఇంగువ డబ్బా మూత తీయండి. వాసనేమీ తెలియలేదన్నారంటే లోపం ముక్కులో ఉంది. రెండు నిమిషాల పని, ఎవరూ చేయరు.

మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం వాసనే. 60 దాటాక అది తగ్గుతుంది, సగటున ఆడవాళ్లకంటే మగవాళ్లకి కాస్త ఎక్కువగా. అలాంటివాళ్లకి పోపు ఘాటుగా పెట్టండి, దించాక నిమ్మరసం పిండండి, వేడిగా వడ్డించండి. ఒంటరిగా వండుకునేవాళ్లయితే గ్యాస్ లీకైనా తెలియదు. ఆ జాగ్రత్త ముందు తీసుకోండి.

సమస్య: నిన్నమొన్నటిదాకా బాగా తిన్న మనిషి కంచం వదిలేస్తున్నారు

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. మా దగ్గర ఒక రిటైరైన మాస్టారు గోంగూర పప్పంటే ప్రాణం పెట్టేవారు. ఉన్నట్టుండి రెండు ముద్దలకే లేచిపోవడం మొదలుపెట్టారు. వయసు అనుకున్నాను. కారం పెంచాను, పులుపు పెంచాను, బియ్యం కూడా మార్చాను. మూడు వారాలు పోయాయి. ఒక సాయంత్రం పొడి అటుకులు పెడితే అంగిట్లో అతుక్కుపోయి మింగలేక అవస్థపడ్డారు. నోరు చూస్తే నాలుక ఎండి పగుళ్లిచ్చింది. ఉప్పయినా పులుపయినా లాలాజలంలో కరిగితేనే నాలుకకి అందుతుంది. మాటిమాటికీ మూత్రం రాకుండా ఇచ్చిన కొత్త మాత్ర నోటిని ఎండగట్టేసింది. డాక్టరుగారు మాత్ర మార్చాక, "ఇంకాస్త పప్పు వెయ్యమ్మా" అని ఆయనే అడిగారు.

అందుకే మాత్రల అట్టలన్నీ బల్లమీద పరిచి, ఏది ఎప్పుడు మొదలైందో రాయండి. అలర్జీ, డిప్రెషన్, మూత్రాశయం మాత్రల్లో కొన్ని నోరు ఎండగడతాయి. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ కొందరికి నోట్లో ఇనుము రుచి తెస్తుంది. మీ అంతట మీరు ఏదీ ఆపకండి, ఆ కాగితం డాక్టరుకి చూపించండి. ఈలోపు అన్నం చారుతో, మజ్జిగతో తడితడిగా కలిపి పెట్టండి.

సమస్య: ఇంట్లో ఒక్కరికే క్యాబేజీ చేదు

ఇది పుట్టుకతో వచ్చిందే కావచ్చు. 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ల్యాబ్‌లో ఒక పొడి గాల్లోకి లేస్తే, పక్కనున్నాయనకి నోరంతా చేదైంది, ఫాక్స్‌కి ఏమీ తెలియలేదు. ఆ పొడిలాంటి చేదు పదార్థాలే క్యాబేజీలోనూ ఉంటాయి. ఆ తేడా ఎక్కువగా ఒక్క జన్యువు వల్లే. బలవంతంగా తినిపించకండి, వేరే కూర వండండి.

జింక్ లోపం, నరాల జబ్బుల వల్ల కూడా రుచి తగ్గొచ్చు, అవి డాక్టరు తేల్చాల్సినవి. రుచి గానీ వాసన గానీ ఒక్కరోజులో హఠాత్తుగా పోతే మాత్రం ఈ పరీక్షలేవీ వద్దు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.