యుద్ధకాలపు ఉత్తరాలు చదివేవాళ్లకు ఒక చీటీ

అమెరికాలో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధం (1861–65) నాటి మామూలు సైనికుల ఉత్తరాలు చదువుతుంటే ఒకటే తికమక: ఒకే పోరుకు రెండు పేర్లు. ఉత్తరాది వాళ్లు ఎక్కువగా దగ్గర్లోని వాగు పేరు రాస్తారు, దక్షిణాది వాళ్లు ఊరి పేరు. పక్కపక్కనే పెట్టుకున్నా ఇద్దరూ ఒకే మైదానంలో ఉన్నారని తెలియదు.

ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని చదివేటప్పుడు నాకు కలిసొచ్చిన పద్ధతి ఇది. పోస్టుకార్డు సైజు అట్ట ముక్క తీసుకుని నాలుగు గడులు గీయండి: తేదీ, ఉత్తరాది పేరు, దక్షిణాది పేరు, రాష్ట్రం. ముందు ఈ మూడు పోరులూ రాసుకోండి.

1861 జులై 21: బుల్ రన్, మనాసస్, వర్జీనియా.
1862 సెప్టెంబర్ 17: యాంటీటమ్, షార్ప్స్‌బర్గ్, మేరీల్యాండ్.
1862 డిసెంబర్ 31 నుంచి 1863 జనవరి 2: స్టోన్స్ రివర్, మర్ఫ్రీస్‌బరో, టెన్నెసీ.

పేజీ గుర్తుగా ఇదే పుస్తకంలో పెట్టుకుంటే మళ్లీ మళ్లీ ఫోన్ తీసి వెతకక్కర్లేదు. కొత్త పేరు తగిలినప్పుడల్లా కింద చేర్చండి. గెటిస్‌బర్గ్ పోరుకు ఆ అవసరమే లేదు, ఇరువైపులా అదే పేరు.

ఒక్క జాగ్రత్త. బుల్ రన్ దగ్గర 1862 ఆగస్టు చివర్లో మళ్లీ పోరాడారు, కాబట్టి పేరు కన్నా ముందు ఉత్తరం మీది తేదీ చూడండి. ఇళ్లలో ఉండిపోయిన ఆడవాళ్ల డైరీలకు మాత్రం ఈ చీటీ అంతగా పనికిరాదు. పాపం, ఫిరంగుల మోత వినబడిందని రాసే రోజుకి ఆ పోరుకు ఇంకా పేరే ఉండకపోవచ్చు. అక్కడ వాళ్ల ఊరూ తేదీ పట్టుకుని మ్యాపులో చూసుకోవాల్సిందే.