బైకు కరెంటు పాఠాలు – 4: ఛార్జింగ్ ఎక్కడ ఆగిపోతోంది?

పోయిన పాఠంలో ఇంజన్ ఆపి ఉంచి బ్యాటరీ వోల్టేజి చూశాం. రాత్రంతా కదలకుండా ఉన్న 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 నుంచి 12.8 దాకా చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 కంటే దిగితే ఛార్జింగ్ పెట్టాలి. ఈ పాఠానికి బ్యాటరీ నిండుగా ఉండడం తప్పనిసరి. సగం ఖాళీ బ్యాటరీతో తీసిన కొలతలు మిమ్మల్ని దారి తప్పిస్తాయి.

సెల్ఫ్ తీసుకోకపోతే చాలామంది ముందు కొనేది కొత్త బ్యాటరీ. నేనూ అదే చేశాను. కొత్తది వేసిన కొన్ని వారాలకే బండి మళ్లీ మొరాయించింది. సీటు తీసి వైర్ల వెంట చేత్తో తడుముకుంటూ పోతే స్టేటర్ (ఇంజన్‌లో కరెంటు పుట్టే చుట్టలు) వైర్ల కప్లర్ (వైర్లను కలిపే ప్లాస్టిక్ జోడు) గోధుమరంగుకి మాడి, ఒక పిన్ను ప్లాస్టిక్‌లోకి కరిగిపోయి కనిపించింది. బ్యాటరీ తప్పేమీ లేదు, దానికి కరెంటు చేరడం లేదంతే. అప్పటి నుంచి కొలవకుండా ఏ పార్టూ కొనలేదు. మీరూ కొనవద్దు.

కరెంటు దారి ఒకసారి గుర్తు చేసుకుందాం. ఇంజన్ తిరిగితే అయస్కాంతాలున్న రోటర్ తిరిగి, స్టేటర్ చుట్టల్లో ఏసీ పుడుతుంది. రెగ్యులేటర్-రెక్టిఫైయర్ దాన్ని డీసీగా మార్చి, వోల్టేజిని హద్దులో పెట్టి బ్యాటరీకి పంపుతుంది. చాలా బైకుల్లో ఉండేది షంట్ రకం రెగ్యులేటర్. అది అక్కర్లేని కరెంటును షార్ట్ చేసి స్టేటర్‌కే తిప్పి పంపుతుంది. అందుకే మీరు లైట్లు వేసినా వేయకపోయినా ఆ వైర్లలో, ఆ కప్లర్‌లో బరువైన కరెంటు పారుతూనే ఉంటుంది.

మొదటి కొలత. మల్టీమీటరు డీసీ వోల్టుల్లో పెట్టి, దాని మొనలను బ్యాటరీ టెర్మినళ్ల మీద ఉంచండి. బండి స్టార్ట్ చేసి, హెడ్‌లైట్ వేసి, ఇంజన్‌ను 4,000 – 5,000 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచండి. 13.5 నుంచి 14.5 మధ్య ఉంటే ఛార్జింగ్ బాగానే ఉంది. 13 దాటకపోతే కరెంటు చేరడం లేదు. 15 దాటుతుంటే రెగ్యులేటర్ పట్టు తప్పింది, లేదా అది వోల్టేజిని చూసుకునే వైరులో లోపముంది. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు మాత్రం ఎప్పుడూ ఊడదీయకండి. ఒక్కసారిగా వోల్టేజి ఎగబాకి ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్) కాలిపోవచ్చు.

రెండో కొలతే ఈ పాఠానికి ప్రాణం. ఇంజన్‌ను అలాగే నడుపుతూ, మీటరు ఎర్ర మొనను రెగ్యులేటర్ నుంచి బయటికొచ్చే ప్లస్ వైరు దగ్గర, నల్ల మొనను బ్యాటరీ ప్లస్ దగ్గర పెట్టండి. రెండూ ప్లస్సే కదా, ఏం చూపిస్తుందని అనుకోవచ్చు. చూపించకూడదు కూడా. 0.2 వోల్టుల లోపు వస్తే దారి శుభ్రంగా ఉంది. అర వోల్టు వచ్చిందంటే ఆ దారిలో ఎక్కడో తుప్పో, వదులైన పిన్నో ఆ వోల్టేజిని తినేస్తోంది. 10 ఆంపియర్లు పారే చోట పదో వంతు ఓము అడ్డుపడితే ఒక వోల్టు పోతుంది, 10 వాట్ల వేడి పుడుతుంది. వేలిగోరంత పిన్ను ఆ వేడికి మాడక ఏం చేస్తుంది? ఇంత చిన్న అడ్డును ఓముల్లో కొలిచి పట్టుకోవడం మామూలు మీటరుకు కుదరదు, దాని సొంత వైర్లకే అంత రెసిస్టెన్స్ ఉంటుంది. కరెంటు పారుతున్నప్పుడే దొంగ దొరుకుతాడు. మైనస్ వైపు కూడా ఇలాగే, రెగ్యులేటర్ ఎర్త్‌కీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య చూడండి.

దారి బాగున్నా ఛార్జింగ్ లేకపోతే స్టేటర్ సంగతి చూడాలి. ఇంజన్ ఆపి కప్లర్ విప్పండి. త్రీ ఫేజ్ (స్టేటర్‌లో మూడు జట్ల చుట్టలున్న) బండికి స్టేటర్ నుంచి మూడు వైర్లుంటాయి, తరచూ మూడూ పసుపే. మీటరు ఓముల్లో పెట్టి ఏ రెండింటి మధ్య చూసినా ఒక ఓము అటూఇటూగా, మూడు జతలకూ సమానంగా రావాలి. వాటిలో ఏదీ ఇంజన్ బాడీతో కలిసినట్టు మీటరు చూపించకూడదు. చూపిస్తే చుట్ట కాలిపోయినట్టే. తర్వాత కప్లర్ అలాగే విప్పి ఉంచి, బండి స్టార్ట్ చేసి మీటరు ఏసీ వోల్టుల్లో పెట్టి మూడు జతలూ చూడండి. అంకె మీ బండి మాన్యువల్ ప్రకారం ఉండాలి, మూడూ సమానంగా ఉండడం మరీ ముఖ్యం. అప్పుడు 50 వోల్టులు పైన కూడా ఉండొచ్చు, వైర్లకు చెయ్యి తగలనివ్వకండి. స్టేటర్ బాగుండి, దారీ బాగుండి, ఛార్జింగ్ మాత్రం లేదంటే అప్పుడు రెగ్యులేటర్ మార్చండి.

ఇక ఆరు నెలలకోసారి చేయాల్సిన పని. స్టేటర్ కప్లర్, రెగ్యులేటర్ కప్లర్ విప్పి రంగు మారిందేమో చూసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరాక కాస్త డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని గ్రీజు) రాసి బిగించండి. ఎర్త్ బోల్టు విప్పి కింది పెయింటు, తుప్పు గీకి మళ్లీ గట్టిగా పెట్టండి. రెగ్యులేటర్ రెక్కల మధ్య బురద తీసేయండి, దానికి గాలే ఊపిరి. కప్లర్ ఒకసారి మాడితే శుభ్రం చేసి వాడకండి, పిన్నులతో సహా మార్చండి.

వచ్చే పాఠానికి ముందు రెండో కొలత మీ బండి మీద తీసి, అంకెను తేదీతో రాసిపెట్టుకోండి. బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడు బ్యాటరీని తాగే కరెంటును పట్టుకోవడం 5వ పాఠం.