పాత మిల్లింగ్ మిషన్: బాగుచేయించాలా, తూకానికి వదిలేయాలా?

హైదరాబాదు బాలానగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో పాత యంత్రాల షెడ్డులో తిరిగే కట్టర్‌తో లోహాన్ని చెక్కే హెచ్‌ఎంటీ ఎఫ్‌ఎన్-2యూ మిల్లింగ్ మిషన్ కనబడినప్పుడు, కొనేవారి చూపు ముందుగా తుప్పు మీద, రంగు మీద, మోటారు చప్పుడు మీద పడుతుంది. నా అనుభవంలో ఈ మూడింటి వల్ల నిర్ణయం మారిన సందర్భాలు చాలా తక్కువ. బేరింగు, నట్టు, బెల్టు, మోటారు బజారులో దొరుకుతాయి, లేదా టర్నర్ చేసి ఇస్తాడు. టేబులు, దాని కింది శాడిలు, వాటిని మోసే మోకాలి కాస్టింగు, వెనుక నిలువు స్తంభంలా ఉండే కాలము ఒకదానిపై ఒకటి జారే స్లైడులు అరిగిపోతే మాత్రం ఆ ఖర్చు యంత్రం ధరను దాటిపోవచ్చు. అందువల్ల కనబడిన ప్రతి లోపాన్నీ ఇది మార్చుకునే వస్తువుదా, స్లైడుదా అని విడదీసి చూడాలి.

టేబులు మీద తుప్పు, లేదా కొత్త రంగు

పైపై తుప్పు కిరోసిను, సన్నటి నూనెరాయి పెట్టి రుద్దితే పోతుంది. గోరుతో గీసినప్పుడు గుంటలు తగిలినా, టేబులు పై తలం వరకైతే పనికి అడ్డం రాదు. స్లైడుల మీద తగిలితేనే ఆలోచించాలి. తుప్పు కంటే కొత్త రంగునే నేను ఎక్కువగా అనుమానిస్తాను, ఎందుకంటే పగుళ్లను దాచడానికి అంతకంటే చవకైన మార్గం లేదు. మోకాలి కాస్టింగు మూలల్లోనూ కాలము మొదట్లోనూ అనుమానమున్న చోట రంగు గీకి, కిరోసిను పూసి, కాసేపాగి శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లాలి. పగులు ఉంటే లోపల ఇంకిన కిరోసిను పైకి వచ్చి పొడి మీద తడి గీత పడుతుంది. జాబును, అంటే చెక్కాల్సిన ముక్కను, టేబులుకు బిగించే టీ-స్లాటు అంచు విరిగి ఉంటే సర్దుకోవచ్చు. మోకాలి కాస్టింగులోగాని కాలములోగాని పగులుంటే బేరం అక్కడితో ఆపాలి, ఎందుకంటే పోత ఇనుమును వెల్డింగు చేసినా ఆ వేడికి స్లైడు వంగకుండా ఉంటుందన్న హామీ లేదు.

చక్రం తిప్పినా టేబులు వెంటనే కదలకపోవడం

టేబులును నడిపే లీడ్ స్క్రూ పిచ్, అంటే ఒక చుట్టుకు జరిపే దూరం, 5 మిల్లీమీటర్లయితే, చక్రం పావు చుట్టు ఖాళీగా తిరిగిందంటే 1.25 మిల్లీమీటర్ల ఆట, అంటే వదులు, ఉన్నట్టు. ఇది చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు గాని తొందరపడనవసరం లేదు. సన్నటి కదలికను సూదితో చూపే డయల్ గేజ్‌ను కదలని శాడిలు మీద నిలిపి, దాని మొనను స్క్రూ కొనకు ఆనించి, టేబులును చేత్తో ముందుకూ వెనక్కూ గుంజాలి. టేబులు జరిగినా స్క్రూ నిలిచి ఉంటే లోపం స్క్రూ కొనను టేబులుకు పట్టి ఉంచే థ్రస్టు బేరింగులో ఉన్నట్టు, లాక్ నట్టు బిగిస్తే చాలావరకు సర్దుకుంటుంది. టేబులుతోపాటు స్క్రూ కూడా అటూ ఇటూ జరిగితే నట్టు అరిగినట్టు, గన్‌మెటల్‌తో కొత్తది చేయించుకోవచ్చు. ఆట మధ్యలో ఎక్కువగా, రెండు కొనల్లో తక్కువగా ఉంటే స్క్రూయే అరిగింది కాబట్టి కొత్త నట్టు ఒక్కటే వేసి లాభం లేదు: మధ్యకు సరిపోయేలా చేయిస్తే కొనల్లో పట్టేస్తుంది. మార్చేదాకా ఎప్పుడూ ఒకే వైపు నుంచి కొలత పట్టుకుంటూ పని నడుపుకోవచ్చు. అయితే కట్టర్ తిరిగే వైపుకే జాబును నడిపే క్లైంబ్ మిల్లింగ్ మాత్రం చేయకూడదు. ఆ ఆట మేరకు కట్టర్ టేబులును ఒక్కసారిగా లాక్కుంటుంది, పళ్లు విరుగుతాయి.

మధ్యలో వదులు, కొనల్లో బిగువు

అసలు నిర్ణయం తేలేది ఇక్కడే. చిన్న జాబులన్నీ టేబులు మధ్యలోనే బిగిస్తారు గనుక ఆ నాలుగైదు అంగుళాల దూరమే ఏళ్ల తరబడి అటూ ఇటూ తిరిగి, పోత ఇనుప పొడీ దుమ్మూ కలిసిన నూనెలో అరిగిపోతుంది. టేబులును మధ్యకు తెచ్చి, స్లైడు సందును సర్దే పట్టీ అయిన జిబ్‌ను ఆట పోయేంతవరకు బిగించి, తరువాత చక్రాన్ని ఒక కొన దాకా తిప్పాలి. పోనుపోను చక్రం బరువెక్కి ఆగిపోతే అరుగుదల ఉన్నట్టే. అమ్మేవారు ముందే జిబ్ వదులు చేసి ఉంచుతారు, కాబట్టి చక్రం తేలికగా తిరగడం దేనికీ రుజువు కాదు. ఇది టేబులు పక్కకు తిరిగే యూనివర్సల్ రకం కాబట్టి కొలతలకు దిగేముందు టేబులు తిరుగుడు స్కేలును సున్నా దగ్గర బిగించడం మరవకూడదు.

రెండో పరీక్షగా టేబులు కొన కింద చెక్క దూలం పెట్టి మెల్లగా పైకి లేపుతూ, కట్టర్‌ను తిప్పే స్పిండిలుకు బిగించిన డయల్ గేజ్‌ను చూడాలి. సూది ఒకటి రెండు గీతలు, అంటే 0.01 లేదా 0.02 మిల్లీమీటర్లు కదిలితే సంతోషించాలి. 0.10 దాటితే నేను రీగ్రైండింగు ఖర్చు కలిపి బేరమాడతాను. గేజ్ లేనివారు స్లైడు కొనలను తుడిచి చూడవచ్చు. అక్కడ తలాన్ని చేత్తో గీకి సరిచేసే స్క్రేపింగు వదిలిన అర్ధచంద్రపు గుర్తులు మిగిలి ఉండి, మధ్యలో అద్దంలా నున్నగా మెరుస్తుంటే అది మంచి మెరుపు కాదు.

స్లైడులను గ్రైండింగు చేయించి, వాటికి జతపడే తలాలను నీలిరంగు పూసి స్క్రేపింగుతో సరిచేయడమే దీనికి మందు. గ్రైండింగులో పోయిన మందం మేరకు టేబులు కిందికి దిగి, స్క్రూ తన నట్టు వరుస తప్పుతుంది గనుక, స్లైడు పట్టీ అతికించి ఆ ఎత్తు తిరిగి రాబట్టాలి. ఈ పని తెలిసిన షాపులో ఖర్చు రాయించుకున్న తరువాతే యంత్రానికి బయానా ఇవ్వాలి. నేను ఒకసారి ముందు బయానా ఇచ్చి తరువాత షాపుకు వెళ్లి, ఆ తేడా చేతి నుంచి పెట్టుకున్నాను.

స్పిండిలు అదరడం, గేరుబాక్సు అరుపు

స్పిండిలు టేపరు, అంటే ఆర్బరు కూర్చునే ఏటవాలు రంధ్రం, లోపల డయల్ గేజ్ ఆనించి చేత్తో నెమ్మదిగా తిప్పినప్పుడు, చుట్టుకొకసారి సూది ఊగితే టేపరు దెబ్బతిన్నదని చెప్పవచ్చు. చెక్కతో పైకి ఎత్తినప్పుడు ఊగితే బేరింగు. రెండూ బాగయ్యేవే. అరుపు ఒక్క స్పీడులోనే వస్తే ఆ గేరు పన్ను, అన్ని స్పీడుల్లోనూ వస్తే బేరింగు. అడుగు ప్లగ్గు విప్పి నూనె చూస్తే అనుమానం తీరుతుంది: పసుపు మెరుపు బుష్షులది, ఉక్కు రేకులు పళ్లవి, పాల రంగు నీళ్లది.

415 వోల్టుల త్రీఫేజు లేని చోట సింగిల్ ఫేజును త్రీఫేజుగా మార్చే వీఎఫ్‌డీ పెట్టుకోవచ్చు, కాని మామూలు వీఎఫ్‌డీ వచ్చిన వోల్టేజిని పెంచదు గనుక మోటారు దానితో నడుస్తుందో లేదో ముందు చూపించుకోవాలి; మోటారు గురించి అంతకంటే దిగులు అక్కరలేదు.

మిగిలినవన్నీ బాగుండి స్లైడులొక్కటే పోయి, షాపువారు చెప్పిన ఖర్చు అందుబాటులో లేదనుకోండి. అప్పుడు కూడా షెడ్డు మూల ఒకసారి వెతకండి. కట్టర్ బిగించే కడ్డీ అయిన ఆర్బరు, దాని స్పేసరు రింగులు, వైసు, జాబును సమాన భాగాలుగా తిప్పడానికి చేతిపిడి 40 చుట్లకు ఒక చుట్టు తిరిగే డివైడింగ్ హెడ్ అక్కడ పడి ఉంటే వాటిని విడిగా అడగండి. కాస్టింగులు తూకానికి పోతాయి, ఇవి మాత్రం మరో మిషన్ మీద ఇంకా పనిచేస్తాయి.