గీజర్ వాట్లు చూసి బిల్లు లెక్కేయకండి

"మూడు కిలోవాట్ల గీజరా? అమ్మో, కరెంటు తాగేస్తుంది" అనేవాళ్లు చలికాలంలో ప్రతిచోటా కనిపిస్తారు. కిలోవాట్ అనేది కరెంటును ఎంత జోరుగా లాగుతుందో చెప్పే అంకె, అంతే. బిల్లులో పడే యూనిట్ అంటే కిలోవాట్-అవర్. ఒక కిలోవాట్ జోరుతో గంటసేపు నడిస్తే ఒక యూనిట్.

లెక్క చూడండి. 15 లీటర్ల నీళ్లను 20 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు తేవాలంటే సుమారు 0.44 యూనిట్ కావాలి. 2 కిలోవాట్ల గీజర్‌కి ఆ పని 13 నిమిషాలు, 3 కిలోవాట్లదానికి దాదాపు 9 నిమిషాలు. ఖర్చు మాత్రం ఇంచుమించు ఒకటే! బకెట్లో వేసే 1.5 కిలోవాట్ల రాడ్డుకైనా అన్ని నీళ్లకు అంతే యూనిట్లు, కాకపోతే 17, 18 నిమిషాలు ఆగాలి. బిల్లు పెంచేది ఎన్ని నీళ్లు, ఎంత వేడి అన్నదే. స్టోరేజ్ గీజర్ స్విచ్ రోజంతా వేసి వదిలేస్తే, చల్లారిన నీళ్లను మళ్లీ మళ్లీ కాచే ఖర్చు అదనం.

కిలోవాట్లు చూడాల్సింది వైరింగ్ కోసం. 3 కిలోవాట్లంటే 13 ఆంపియర్లు. 6 ఆంప్స్ చిన్న సాకెట్‌లో పెట్టొద్దు, 16 ఆంప్స్‌ది ఉండాల్సిందే. మీ మీటరుకు మంజూరైన లోడ్ ఎంతో కూడా బిల్లు మీద ఉంటుంది, చూసుకోండి.

రూమ్ హీటర్ సంగతి వేరు. అది ఎంతసేపు నడపాలో నీళ్లు కాదు, మీరే నిర్ణయిస్తారు. ఆదిలాబాద్ చలికి 2 కిలోవాట్ల హీటర్ ఆగకుండా మూడు గంటలు నడిపారా, ఆరు యూనిట్లు.