ఈట్యాబ్స్‌లో ప్లాన్ చుక్కలా వస్తోందా? నా అనుభవం

విశాఖ మధురవాడలో ఒక జీ+4 అపార్ట్‌మెంట్. ఆర్కిటెక్ట్ ప్లాన్‌ని డీఎక్స్‌ఎఫ్ (డ్రాయింగ్‌ని వేరే సాఫ్ట్‌వేర్‌కి పంపే ఫైల్ రకం) చేసి, ఈట్యాబ్స్‌లోకి (బిల్డింగ్ స్ట్రక్చర్ డిజైన్ సాఫ్ట్‌వేర్) ఇంపోర్ట్ చేస్తే మూలన ఒక చుక్క. జూమ్ చేస్తే 230 మిల్లీమీటర్ల గోడ 230 మీటర్లు చూపిస్తోంది, బీమ్ లైన్లు కాలమ్ దగ్గర కలవట్లేదు.

ఇంపోర్ట్ యూనిట్లు మార్చాను, పాత వెర్షన్‌లో సేవ్ చేశాను, లేయర్లు ఆపేశాను. సైజు దారికొచ్చింది గానీ గ్యాపులు పోలేదు.

అసలు సంగతి, ఆ డ్రాయింగ్ సర్వే కోఆర్డినేట్ల మీద ఉంది. విశాఖ యూటీఎం (భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే మ్యాప్ పద్ధతి) 44వ జోన్‌లోది, ఈస్టింగ్ (తూర్పు వైపు కొలత) 7 లక్షలు, నార్తింగ్ (ఉత్తరం వైపు కొలత) 19 లక్షల మీటర్లు దాటుతుంది. మిల్లీమీటర్లలో అయితే కోట్లే. సున్నాకి అంత దూరంలో చిన్న కొలతల కచ్చితత్వం పోతుంది.

పనిచేసింది ఇది. ఆటోక్యాడ్‌లో (డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్) కాపీ తీసి, కాలమ్, బీమ్ సెంటర్ లైన్లు తప్ప అన్నీ తీసేశాను. బ్లాకులు ఎక్స్‌ప్లోడ్ చేసి (విడి లైన్లుగా విడగొట్టి), ఫ్లాటెన్ (అన్నిటినీ ఒకే తలానికి తేవడం), ఓవర్‌కిల్ (ఒకదానిమీద ఒకటి పడ్డ లైన్లు తీసేయడం) కొట్టాను. తర్వాత మూవ్: అన్నీ సెలెక్ట్ చేసి, ఏ-1 గ్రిడ్ల ఖండన బిందువుని పట్టుకుని 0,0,0 ఇచ్చాను. అప్పుడు డిస్ట్ కమాండ్‌తో తెలిసిన ఒక బే (రెండు కాలమ్‌ల మధ్య దూరం) కొలిచి, మిల్లీమీటర్లే అని తేల్చుకున్నాను. స్కేల్ జోలికి పోకుండా డీఎక్స్‌ఎఫ్ చేసి, ఇంపోర్ట్‌లో మిల్లీమీటర్లు ఎంచుకున్నాను. స్కేల్ 0.001 కొట్టాలనుకుంటే ఇంపోర్ట్‌లో మీటర్లు పెట్టాలి. స్కేల్ కొట్టి, ఇంపోర్ట్‌లోనూ మిల్లీమీటర్లు పెడితే సైజు మళ్లీ తప్పుతుంది.

గ్రిడ్ దూరాలు ప్లాన్‌తో సరిపోయాయి, లైన్లు కలిశాయి. మీ డ్రాయింగ్ ముందే సున్నా దగ్గర ఉంటే మాత్రం కారణం వేరే అయి ఉండొచ్చు. స్టాడ్‌లో (ఇంకో స్ట్రక్చర్ డిజైన్ సాఫ్ట్‌వేర్) నేను చూడలేదు.