షానన్ నది దాటడానికి లిమరిక్ చుట్టూ తిరగక్కర్లేదు

ఐర్లాండ్ పడమటి తీరం వెంట కిల్కీ నుంచి డింగిల్ వైపు బయల్దేరితే, షానన్ నది అడ్డొస్తుంది. లిమరిక్ మీదుగా చుట్టు తిరిగేసరికి వెనక సీట్లో పిల్లల గోల మొదలు.

మ్యాప్‌లో డింగిల్ అని కాకుండా ముందు కిల్లిమర్ అని కొట్టండి. అక్కడ కారు సహా ఫెర్రీ ఎక్కితే 20 నిమిషాల్లో అవతల టార్బర్ట్‌లో దిగుతారు. దాదాపు 130 కిలోమీటర్ల డ్రైవింగ్ తప్పుతుంది. మ్యాప్ సెట్టింగ్స్‌లో 'ఫెర్రీలు వద్దు' అని ఉంటే తీసేయండి, మాకు అదే కొంప ముంచింది. బయల్దేరే టైముకు పావుగంట ముందే క్యూలో ఉండండి. డాల్ఫిన్లు కనిపిస్తాయంటారు, మాకైతే సీగల్సే దక్కాయి.

చలికాలంలో ఆఖరి ఫెర్రీ తొందరగా వెళ్లిపోతుంది, గాలి ఎక్కువైతే అసలు నడపరు. పొద్దున్నే ఒకసారి టైములు చూసుకోండి. లిమరిక్ వైపున్న ఎన్నిస్ ఊరి దగ్గర బస చేసినవాళ్లకి మాత్రం లిమరిక్ రోడ్డే నయం.